ముప్పై రెండు దిక్కుల పుస్తకం

నాకు కోపం ఎక్కువ. ఈ మాట మొదటే చెప్పేస్తే మంచిది, ఎందుకంటే జరిగినదాంట్లో సగం తప్పు దానిదే. ధర్మవరంలో ఇంటర్మీడియెట్ ఆడపిల్లలకు లెక్కలు చెప్పడానికి చేరిన మొదటి ఏడాదే వాళ్ళు నాకు సుద్దముక్కల మేడమ్ అని పేరు పెట్టారు. బోర్డు మీద రాస్తూ రాస్తూ గిరుక్కున తిరిగి, వెనక బెంచీలో గుసగుసలాడే పిల్ల నెత్తి మీదికి సుద్దముక్క విసిరేదాన్ని. ఏనాడూ గురి తప్పలేదు. దూరాన్నీ కోణాన్నీ ఒక్క చూపులో అంచనా కడతానని నా మీద నాకే పెద్ద గొప్ప.

అవి డెబ్బైల చివరి సంవత్సరాలు. మాది గుమ్మఘట్ట దగ్గర పల్లె. ఇంట్లో సగం తెలుగు, సగం కన్నడం. నాయన చనిపోయిన ఏడాదే ఉద్యోగం వచ్చింది. ఎవరికి చెప్పుకుని సంతోషపడాలో తెలియక ఆర్డరు కాగితాన్ని నాలుగు రోజులు పెట్టెలోనే దాచిపెట్టాను. అమ్మ అన్న దగ్గర ఉండిపోయింది. నేను ఒక పెట్టె, ఒక కిరసనాయిలు స్టవ్వు పట్టుకుని ధర్మవరం వచ్చి, నేతపని చేసుకునే ఒక దంపతుల ఇంట్లో వీధి గది అద్దెకు తీసుకున్నాను. పిల్లల్లేని వాళ్ళు. ఇద్దరూ యాభై దాటినవాళ్ళే.

ఆదివారాలు ఎలా గడిచేవో ఎవరికీ చెప్పలేదు ఇంతవరకు. పొద్దున లేచి ఒక గ్లాసు బియ్యం కడిగేదాన్ని. అది ఉడికేలోపు బట్టలు ఉతికేదాన్ని. తిన్నాక పేపర్లు దిద్దేదాన్ని. ఇవన్నీ అయ్యాక చూస్తే పదకొండు కూడా అయ్యేది కాదు. శనివారం సాయంత్రం కాలేజీ గేటు దగ్గర వాచ్‌మన్‌తో వస్తానని చెప్పిన మాట తర్వాత, మళ్ళీ సోమవారం హాజరు పిలిచేదాకా నా గొంతు నాకు వినిపించేది కాదు. ఒక్కోసారి అది పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి కన్నడంలో ఎక్కాలు చదువుకునేదాన్ని. నవ్వొస్తోంది ఇప్పుడు, అప్పుడు మాత్రం రాలేదు.

నాకు తోడు ఏదన్నా ఉందంటే అది గోడ అవతలి మగ్గమే. నా గదికీ మగ్గం ఇంటికీ మధ్య ఒకటే గోడ. అడ్డపోగు మోసే నాడె అటు పోతుంది, ఆ పోగును కూరే పలక ఒక దెబ్బ కొడుతుంది. నాడె ఇటు వస్తుంది, ఇంకో దెబ్బ. పొద్దున ఆరింటి నుంచి దీపాల వేళ దాకా అదే. నేసేది పెద్దమ్మ. ఇంటావిడను నేను అలాగే పిలిచేదాన్ని. ఆయన నేయడు. ఆయనది డిజైన్లు వేసే పని. గడుల కాగితం మీద ఒక్కో గడీ రంగుతో నింపి పువ్వులూ హంసలూ దించేవాడు. ఆ కాగితం చూసి ఇంకొకాయన జాకార్డు కార్డులకు బొక్కలు కొడతాడు. ఆ కార్డులు మగ్గం మీదికి ఎక్కితే, ఏ పోగు లేవాలో ఏ పోగు పడుకోవాలో బొక్కలే చెబుతాయి.

ఆయన నాతో పది మాటలు కూడా మాట్లాడి ఉండడు. బయటి అరుగు మీద ఒక చెక్క పెట్టుకుని, దాని నడిమధ్యలో మేకు కొట్టి, మేకుకు దారం కట్టి, ఆ దారాన్ని అటొకసారి ఇటొకసారి లాగి ఏదో కొలిచేవాడు. నేను కాలేజీకి పోయేటప్పుడు కాళ్ళు ముడుచుకుని దారి ఇచ్చేవాడు. నేను అటు చూసేదాన్ని కాదు. మనకెందుకులే అనుకునేదాన్ని. వరుసగా రెండో ఏడు కూడా వానలు ఎగ్గొట్టి, చెనిక్కాయ చేలు, వేరుశనగ చేలు అనండి, పూత మీదే మాడిపోయాక వచ్చిన ఎండాకాలంలో ఆయన దగ్గుతో మంచం పట్టాడు. నెల తిరక్కుండా పోయాడు.

పదకొండో రోజు అయిపోయిన మర్నాడే మగ్గం మళ్ళీ మొదలైంది. సావుకారు ఇచ్చిన నిలువు పోగుల పడుగు మీద ఇంకో చీర మిగిలి ఉంది, అది నేసి ఇవ్వాలి. కదిరి నుంచి పెద్దమ్మ తమ్ముడు వచ్చి, ఈ చీర కోసి ఇచ్చేసినాక మగ్గం పీకేద్దామనీ, తనతోపాటు కదిరికి వచ్చి ఉండమనీ చెప్పిపోయాడు. వీధి గదితోపాటు మగ్గం ఉన్న నడిమి గది కూడా నా అద్దెలోనే ఉంచుతామన్నాడు. ఆమె సరేనని గానీ కాదని గానీ అనలేదని ఆ తర్వాత నాకు తెలిసింది.

ఒక సాయంత్రం తలుపు చప్పుడైంది. ఆ గదిలోకి నేను వచ్చిన తర్వాత ఎవరైనా తలుపు తట్టడం అదే మొదలు. తీస్తే పెద్దమ్మ. చేతిలో ఎర్ర అట్ట నోటుబుక్కు ఒకటి.

ఆమె చెప్పిన సంగతి ఇది. జాకార్డు మీద గుండ్రాలు కుదరవు. కోలలు, మూలలు, మెట్లు ఏవైనా వస్తాయి గానీ, గుండ్రం అనేసరికి ఎలక కొరికిన రొట్టె మాదిరి వస్తుంది. రెండేళ్ళుగా ఆయన పట్టుదల ఒకటే, అరచేయంత చక్రం, ఎనిమిది రేకులది, నిఖార్సుగా గుండ్రంగా కొంగు మీద రావాలి. మేకూ దారమూ అందుకే. కొలతలన్నీ ఈ పుస్తకంలో రాసుకున్నాడు. గడుల కాగితం మీదికి ఎక్కించకముందే మంచాన పడ్డాడు. చీర కోసేశాక మగ్గం మీద జానెడు పడుగు మిగులుతుంది. అది ఎవరికీ పనికిరాదు, కత్తిరించి పారేసేదే. ఆ జానెడులో ఒక వరుస చక్రాలు నేయవచ్చు. ఒక్కటే వరుస, ఒక్కటే సారి. ఆ తర్వాత మగ్గం ఉండదు. ఆయన చక్రం గుండ్రంగా వస్తుందా రాదా, అది తాను కళ్ళారా చూడాలి. అంతే ఆమెకు కావలసింది.

నాకు ఠక్కున చిరాకొచ్చింది. లెక్కలు చెప్పేదాన్ని నేను, చీరల డిజైన్లు నాకేం తెలుసు అన్నాను.

ఆమె నొచ్చుకోలేదు. "ఇది లెక్కేనంట కదమ్మా. ఆయప్ప అంటాండె, ఇది గోడ పక్కనుండే టీచరమ్మకు తెలిసింటాది, అడగాలంటే సిగ్గయితాదని."

ఏడాదిన్నర ఆ మనిషి నా గుమ్మం ముందే కూర్చుని దారం లాగాడు. నేను తల తిప్పుకుని పోయాను. పుస్తకం తీసుకున్నాను.

తీసుకున్న వెంటనే నేను చేసిన పని ఏమిటంటే, ఆ పుస్తకానికి అట్ట వేశాను. పంతులమ్మ బుద్ధి. నూనె చేతుల నోటుబుక్కు, మూలలు చిరిగిపోయి ఉంది. ఖాకీ కాగితం కత్తిరించి, మడతలు లోపలికి తిప్పి, మైదా గంజితో గట్టిగా అంటించాను. వెనక అట్ట లోపలి వైపు ఏవో పెన్సిల్ రాతలు కనబడ్డాయి. ఏ కూరగాయల పట్టీనో అయి ఉంటుందనుకున్నాను. వాటి మీదే మడత అంటించేశాను. పైన తెల్ల చీటీ అతికించి, లెక్కలు అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను. చూసుకుని మురిసిపోయాను కూడా.

లోపల నలభై పుటల నిండా రెండేసి అంకెల వరుసలు. ఎడమ వైపు సున్న నుంచి ముప్పై ఒకటి దాకా. కుడి వైపు అంకెలు పెరిగి తరిగి, మళ్ళీ పెరిగి తరిగి ఉన్నాయి. రెండు రోజులు తలకెక్కలేదు. మూడో రోజు కాలేజీకి పోతూ అరుగు మీద మేకు దిగిన చెక్క చూశాను. మేకు చుట్టూ బొగ్గుతో గీసిన ముప్పై రెండు గీతలు. అప్పుడు వెలిగింది. ఎడమది దిక్కు, కుడిది దూరం. మేకు దగ్గర నుంచి ఏ గీత వెంబడి దారం ఎంత పొడుగు లాగితే రేకు అంచు వస్తుందో, అదీ లెక్క; రేకు లోపలి ఒక్కో గీతకు ఇంకో పుట. నాలుగేసి దిక్కులకు ఒక రేకు, మొత్తం ఎనిమిది రేకులు. నేను బోర్డు మీద రాస్తే, పిల్లలు ఆవలిస్తూ ఎక్కించుకునే ధ్రువ నిరూపకాలే ఇవి. ఆయనకు ఆ పేరు తెలియదు. మేకు కొట్టి తానే కనిపెట్టుకున్నాడు. అరుగు మీద నిలబడి, ఎవరూ లేనిచోట, భలే అన్నాను పైకే.

ఇక చేయవలసింది వాటిని నిలువు అడ్డాల్లోకి మార్చడం. ఈ మార్పిడిని ఇంటి దారి చెప్పినట్టు చెప్పవచ్చు. ఇక్కడి నుంచి ఆ వేపచెట్టు కేసి ముప్పై ఆరు అడుగులు వెయ్యి అని చెప్పడం ఒక తీరు. కుడి పక్కకు ఇరవై అడుగులు, అక్కడి నుంచి ముందుకు ముప్పై అడుగులు అని చెప్పడం ఇంకో తీరు. చేరేది ఒక్కచోటికే. మగ్గానికి ఈ రెండో తీరే అర్థమవుతుంది. పడుగు పోగులు నిలువు, పేక పోగులు అడ్డం, ఏటవాలుగా పోవడం దానికి చేతకాదు. అందుకని ఒక్కో దిక్కుకూ కోణం చూసి, పట్టికలో దాని సైనూ కోసైనూ వెతికి, దూరంతో గుణించాలి. ముప్పై రెండు దిక్కులు గనక దిక్కుకు పదకొండుంబావు డిగ్రీలు. మా పుస్తకాల్లో కోణం కుడి నుంచి మొదలై ఎడమకు తిరుగుతుంది. ఆయనది పై నుంచి మొదలై కుడికి తిరుగుతుంది, గడియారం మాదిరి. మూడో నంబరు దిక్కు, దూరం ముప్పై ఆరు అంటే, పక్కకు ఇరవై గడులు, పైకి ముప్పై గడులు. అక్కడొక చుక్క పెట్టాలి.

రోజూ సాయంత్రం మగ్గం ఆపాక పెద్దమ్మ నా గదికి వచ్చేది. తాను చదువుకోలేదు. నేను దిక్కు, దూరం పైకి చదివి, గుణకారం చేసి, పక్కకు ఇంత పైకి ఇంత అంటే, ఆమె గడులు లెక్కపెట్టి వేలు పెట్టేది. నేను చుక్క పెట్టేదాన్ని. ఆమె లెక్కపెట్టడం నాకంటే వేగం. పోగులు లెక్కపెట్టిన వేళ్ళవి. ఇరవైముప్పాతిక వచ్చినచోట ఏం చేయాలని నేను పేచీ పడితే, పోగును ముప్పాతిక చేసి ఎట్ల నేస్తారు, ఇరవై ఒకటి పెట్టు అనేది. వచ్చేటప్పుడు ఒక గిన్నెలో బొరుగుల ఉగ్గాణో, రెండు తీపి ఓళిగలో తెచ్చేది. నేను తింటుంటే, కన్నడపోళ్ళు ఇంత తక్కువ తింటారా అని ఎగతాళి చేసేది. టీచరమ్మా అనేది కాస్తా పాపా అయింది.

నిజం ఒప్పుకుంటాను. సగం చక్రం లెక్క వేస్తే మిగతా సగం అద్దంలో బొమ్మే. నాలుగు రోజుల పని అది. నేను మూడు వారాలు చేశాను. రేపు కూడా ఆమె రావాలని, చేసిన గుణకారమే మళ్ళీ సరిచూస్తున్నట్టు నటించేదాన్ని. ఆమెకు అనుమానం వచ్చిందో లేదో తెలియదు. ఎప్పుడూ తొందర పెట్టలేదు.

ఒకరోజు నాకు కుడి రేకూ ఎడమ రేకూ సమానంగా రాలేదు. ఎక్కడో గుణకారం తప్పింది. మూడుసార్లు చేసినా దొరకలేదు. కాలేజీలో కూడా ఆ రోజు ప్రిన్సిపాల్‌తో మాటామాటా అయి ఉంది. నేను పళ్ళు కొరుకుతూ అంకెలు కొట్టేస్తుంటే, పెద్దమ్మ పుస్తకం మీద చెయ్యి వేసి, ఎక్కడో చూస్తూ అడిగింది.

"పాపా, ఇన్ని పేజీలు రాసినాడు కదా. నా గురించి ఏమన్నా రాసినాడా?"

"లేదు పెద్దమ్మా! అంతా అంకెలే. డిజైను పుస్తకంలో నీ గురించి ఎందుకు రాస్తాడు?"

ఆ మాట ఎంత గట్టిగా అన్నానో నాకే తెలిసింది. ఆమె చెయ్యి తీసేసుకుంది. నిజమేలే అంది. ఇంకెప్పుడూ అడగలేదు. ఆ తప్పిన గుణకారం మరుసటి నిమిషంలోనే దొరికింది.

గడుల కాగితం పూర్తయ్యాక కార్డులు కొట్టే ఆయన దగ్గరికి ఇద్దరం పోయాం. చనిపోయిన పెద్దమ్మ భర్తకు స్నేహితుడు. చక్రం పేరు చెప్పగానే పనంతా పక్కన పెట్టి కొట్టి ఇస్తానన్నాడు. కాగితాన్ని వెలుతురుకు పెట్టి చూసి, మా గడులు ఇట్ల సమంగా ఉండవే, పేకకూ పడుగుకూ తేడా ఉంటాది కదా అని నసిగాడు. అది కాలేజీ నుంచి నేను తెచ్చిన గ్రాఫు కాగితం. గడి సమంగా ఉంటేనే గుండ్రం వస్తుంది, లెక్కల్లో తేడా లేదు అని నేను కొట్టిపారేశాను. లెక్కల టీచరు చెప్పినాక ఇంక నాదేముంది అని ఆయన ఊరుకున్నాడు.

చీర కోసి సావుకారు ఇంటికి పంపిన మర్నాడు ఆదివారం. సోమవారం తమ్ముడు బండితో వస్తానని కబురు చేశాడు. ఆ జానెడు పడుగు ఆ రోజే నేయాలి. నేను మగ్గం గుంత పక్కన పీట వేసుకుని కూర్చోబోతే, నువ్వు ఆడ కూచుంటే నా చెయ్యి ఆడదు, పోయి నీ పేపర్లు దిద్దుకో అని పంపేసింది. నా గదికి వచ్చాను. పేపరు ముందు పెట్టుకున్నానే గానీ ఒక్క మార్కూ వేయలేదు. చెవులు గోడకే ఉన్నాయి.

మొదట ఎప్పటిలాగే. నాడె పోయింది, ఒక దెబ్బ. నాడె వచ్చింది, ఒక దెబ్బ. బంగారు జరీ పేక గనక నిదానంగా సాగింది. చాలాసేపు అలా నడిచి, ఉన్నట్టుండి ఆగిపోయింది. పోగు తెగిందేమో అనుకున్నాను. పోగు ముడి వేయడానికి పట్టే సమయం దాటిపోయింది. లేచి తలుపు దాకా పోయి, పిలవలేదు గదా అని మళ్ళీ వచ్చి కూర్చున్నాను. ఆ తర్వాత మగ్గం మళ్ళీ మొదలైంది గానీ చప్పుడు మారింది. నాడె పోయింది, రెండు దెబ్బలు. నాడె వచ్చింది, రెండు దెబ్బలు. ఏడాదిన్నరలో ఆ మగ్గం అలా మోగడం నేను వినలేదు. చెయ్యి నీరసించి ఒక దెబ్బకు పేక కూరుకోవడం లేదు కాబోలు అనుకున్నాను.

పిలిస్తే పోయాను. జరీ చక్రాలు వరుసగా మెరుస్తున్నాయి. మెట్లు లేవు, ఎలక కొరుకుడు లేదు, రేకుల అంచు నున్నగా తిరిగింది. ఇంకా దగ్గరికి వంగాను. అప్పుడు ఆమె చూపుడువేలుతో కింది సగం చూపించింది. నడిమి నుంచి పైకి నిఖార్సయిన గుండ్రం. నడిమి నుంచి కిందికి సాగింది. చక్రం కాదు, కోడిగుడ్డు.

"సగానికి వచ్చినాక వేళ్ళతో కొలిసి చూస్తే పొడుగు రెండు వేళ్ళు ఎక్కువుండాది," అంది. "పేక వదులైతాందని రెండు దెబ్బలు కొట్టినా. అప్పుడు కుదిరింది. కిందిది ఇంక చెయ్యనీక లేదు."

విప్పి మళ్ళీ నేస్తే అని అడిగాను. చివరి పడుగు, ఇప్పటికే పీచు లేచింది, విప్పితే మొత్తం తెగుతుందంది. అప్పుడు నేను అన్న మాట తలుచుకుంటే ఈ రోజుకీ తల దించుకుంటాను. నా లెక్కలో తప్పు లేదు అన్నాను. అని, గదిలోకి పరుగెత్తి గ్రాఫు కాగితం తెచ్చి, గుంత గట్టు మీదే కూర్చుని, ముప్పై రెండు దిక్కులూ మళ్ళీ సరిచూశాను. ఒక్క గడి కూడా తప్పు లేదు. ఆమె గుంతలో కాళ్ళు పెట్టుకుని గుడ్డనే చూస్తూ కూర్చుంది. నీ లెక్క తప్పని యావురన్నారు పాపా అంది చివరికి. ఆ గొంతులో కోపం ఉన్నా బాగుండేది.

సోమవారం తమ్ముడు వచ్చాడు. మగ్గం ఊడదీసి బండికెక్కించారు. గుంతను ఇసుకతో పూడ్చారు. బండి కదలబోయే ముందు పుస్తకం ఇవ్వబోతే, నాకెందుకది, అంకెలే అంటివి కదా, నువ్వే పెట్టుకో అంది. నిష్ఠూరంగా అనలేదు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

ఆ ఇంట్లో నేను ఇంకా నాలుగేళ్ళు ఉన్నాను. మొదటి నెలలో పొద్దున ఆరింటికి ఠంచనుగా మెలకువ వచ్చేది. గోడ అవతల ఏమీ ఉండదు. ఒక్కోసారి నడిమి గదిలోకి పోయి, ఇసుక పోసిన చోట నిలబడేదాన్ని. కాలి కింద ఇంకా కొంచెం కుంగేది. పిల్లలకు ఆ పాఠం వచ్చినప్పుడు మేకు, దారం, చక్రం అని చెప్పి చూశాను. నేతగాళ్ళ పిల్లలు కొందరు చెవులు రిక్కించి విన్నారు. ఇంటికొచ్చి ఆ సంగతి చెప్పుకోవడానికి మాత్రం మనిషి లేడు. కదిరి ఎంతో దూరం కాదు. పోయి చూసి రావచ్చు. కోడిగుడ్డులా వచ్చిన ఆ చక్రం గుర్తొచ్చి పోలేదు.

మరుసటి ఏడు ఎండాకాలం సెలవులకు పెట్టె సర్దుకుంటుంటే ఎర్ర నోటుబుక్కు చేతికొచ్చింది. మైదా గంజికి బొద్దింకలు పట్టాయి. వెనక మడత ఊడి, తెరుచుకుని ఉంది. కింద పెన్సిల్ రాత. కూరగాయల పట్టీ కాదు. ఆయన రాతే, అక్షరాలు పెద్దవిగా, వంకరగా.

గడి సమంగా తీసుకోవల్ల. పేకకు రెండు దెబ్బలు. ఇంట్లోదానికి చెప్పల్ల. అది కొడితేనే గుండ్రంగా వస్తాది, ఇంగెవురి చేతికీ రాదు.

కిటికీ వెలుతురుకు పెట్టి మళ్ళీ చదివాను. లెక్క అంతా సరిగ్గానే ఉంది. గడీ సరిగ్గానే ఉంది. ఆ జానెడు పడుగు మొదలుపెట్టకముందు ఈ నాలుగు ముక్కలు ఆమెకు చదివి వినిపించి ఉంటే చాలు. నా చేత్తో నేనే గంజి పూసి మూసేశాను. పైగా ఆమె నోరు తెరిచి అడిగింది. లేదని కసిరాను. నాకు ఏడుపు వచ్చింది. ఆ గదిలో ఎంత గట్టిగా ఏడ్చినా వినేవాళ్ళు లేరు గనక గట్టిగానే ఏడ్చాను.

వెంటనే పోయానని చెప్పుకోవాలని ఉంది గానీ పోలేదు. భయమేసింది. గుమ్మఘట్టకూ పోలేదు. రెండు వారాలు ఆ పుస్తకాన్ని తలగడ కింద పెట్టుకుని పడుకున్నాను. మూడో వారం పొద్దున్నే కదిరి బస్సెక్కాను. ముదిగుబ్బ దాటేదాకా కిటికీలోంచి ఎర్రమట్టి తప్ప ఇంకేమీ లేదు. చెప్పవలసిన మాటలు వరసగా పేర్చుకుంటూ పోయాను. దిగేసరికి ఒక్కటీ గుర్తులేదు.

పెద్దమ్మ తమ్ముడి ఇంటి పంచలో కూర్చుని విత్తనానికి చెనిక్కాయలు వొలుస్తోంది. చిక్కింది. నన్ను చూసి, ఏం పాపా, ఇంగా తినడం నేర్చుకోలేదా అంది. లోపల గోడ గూట్లో ఆయన ఫోటో, దాని కింద మడిచిన పట్టుగుడ్డ గుమ్మంలోంచే కనబడింది. కోడిగుడ్డులా సాగిన సగం లోపలికి పోయేట్టు మడిచి, గుండ్రంగా వచ్చిన పై సగమే కనబడేట్టు పెట్టుకుంది. నేను నీళ్ళు కూడా తాగకుండా ఆమె ముందు కూర్చుని, పుస్తకం వెనక అట్ట తెరిచి చదివాను.

ఆమె వొలవడం ఆపలేదు. ఇంగోసారి అంది. మళ్ళీ చదివాను. ఇంగోసారి. ఈసారి కాయ ఆమె వేళ్ళ మధ్యే ఉండిపోయింది.

"ముందే చదివింటే మొత్తం గుండ్రంగా వచ్చిండేది."

"అవును పెద్దమ్మా."

"ఆ పొద్దు అడిగితి నిన్ను."

"అడిగితివి."

"లేదంటివి."

"అంటిని."

ఇంకేమన్నా అంటుందని చూశాను. తిట్టినా పడదామనే వచ్చాను. ఆమె లేచి, కొంగుతో చేతులు తుడుచుకుని, లోపలికి పోయి గుడ్డ తెచ్చింది. మడత విప్పి ఒళ్ళో పరుచుకుంది. కింది సగాన్ని చూసింది. పై సగం మీద అరచెయ్యి పెట్టింది.

"ఈడ నుంచి ఆయప్ప చెప్పినట్లే కొట్టినా," అంది. నాతో కాదు.

కాసేపయ్యాక పుస్తకం తీసుకుని, ఇందులో నేనుండేది యాడ అని అడిగింది. నేను ఆమె చూపుడువేలు పట్టుకుని, ఇంట్లోదానికి అన్న మాట మీద పెట్టాను. మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా వేలు జరిపింది. పోగులు లెక్కపెట్టే వేలు అది. మళ్ళీ మొదటికి తెచ్చి మళ్ళీ జరిపింది. పెన్సిల్ చెరిగిపోతుందేమోనని నాకు భయమేసింది గానీ ఆపమనలేదు.

పుస్తకం ఇప్పుడు తనకు కావాలంది. నేను సాయంత్రం బస్సుకు లేస్తుంటే, ఖాకీ అట్ట నాలుగు వైపులా జాగ్రత్తగా ఊడదీసింది, ఎక్కడా చిరగకుండా. మడిచి నా చేతిలో పెట్టింది.

"ఇది నీది పాపా. తీసకపో."

బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. ఒళ్ళో ఆ కాగితం ఉంది. లెక్కలు అని నేను రాసిన చీటీ పైకే ఉంది. ధర్మవరం వచ్చేదాకా నా పక్కన ఎవరూ కూర్చోలేదు.